పదహారు వచనాలు, ఒక నోట్‌బుక్కు: బైబిల్‌ను సాహిత్యంగా చదవడం ఎలా

బైబిల్‌ను మొదటి పేజీ నుంచి చివరి దాకా చదివేద్దామని నేను మూడుసార్లు కూర్చున్నాను. మూడుసార్లూ ఒకేచోట ఆగిపోయాను. ఆదికాండం పరుగులు పెట్టిస్తుంది. నిర్గమకాండంలో ఎర్ర సముద్రం దాటేదాకా బాగానే ఉంటుంది. ఆ తర్వాత గుడారానికి ఎన్ని తెరలు, ఒక్కో తెర ఎన్ని మూరలు, ఎన్ని కొలుకులు అన్న లెక్కలు మొదలవుతాయి. అక్కడి నుంచి లేవీయకాండంలోకి అడుగుపెట్టి బలుల నియమాలు, చర్మవ్యాధుల పరీక్షల మధ్య చిక్కుకుపోయాను. తప్పు పుస్తకానిది కాదు. అది ఒక పుస్తకమే కాదు. వందల ఏళ్లపాటు హీబ్రూ, అరామిక్, గ్రీకు భాషల్లో పోగైన గ్రంథాల అర అది. అరలో మొదటి పుస్తకం తీసి వరసగా చదువుకుంటూ పోయేవాళ్లు ఎవరుంటారు?

నాలుగోసారి ఒక చిన్న కథ ఎంచుకుని, నెల రోజులు దానితోనే ఉన్నాను. ఇక్కడ చెప్పేది ఆ పద్ధతే. కథ: కయీను, హేబెలు. ఆదాము, హవ్వల ఇద్దరు కొడుకులు వీళ్లు; దేవుడు తమ్ముడి అర్పణను మెచ్చి తనదాన్ని పట్టించుకోలేదని అన్న కయీను తమ్ముణ్ణి పొలంలో చంపేస్తాడు. ఆదికాండం 4వ అధ్యాయంలో మొదటి 16 వచనాలు. పాత తెలుగు బైబిల్‌లో పేజీ కూడా నిండదు.

నమ్మేవాళ్లయినా, నమ్మనివాళ్లయినా, వేరే మతం వాళ్లయినా ఈ పద్ధతి ఒక్కటే. మనకిది కొత్త కూడా కాదు. విశ్వనాథవారి కల్పవృక్షమూ, రంగనాయకమ్మగారి విషవృక్షమూ ఒకే బీరువాలో పెట్టుకున్న ఇళ్లు తెలుగునాట ఎన్నో ఉన్నాయి. పూజగదిలో ఉన్న పుస్తకాన్ని చదువుకునే బల్ల మీదికి కూడా తెచ్చుకోవడం మనకు అలవాటే.

మొదటి అడుగు: రెండు తెలుగు బైబిళ్లు దగ్గర పెట్టుకోండి

ఒకటి బైబిల్ సొసైటీ వాళ్ల పాత అనువాదం, 'పరిశుద్ధ గ్రంథము'. చర్చీల్లో ఎక్కువగా వినబడేది అదే. 'అనెను', 'చేయుచున్నాడు' అంటూ సాగే ఆ భాష మొదట్లో కాస్త బరువుగా ఉంటుంది. అయినా మన పనికి అదే ముఖ్యం, ఎందుకో కాసేపట్లో చెబుతాను. రెండోది ఈమధ్య వచ్చిన వాడుక భాషా అనువాదాల్లో ఏదైనా ఒకటి. ఫోన్‌లో యూవెర్షన్ యాప్ వేసుకుంటే పాతదీ కొత్తవీ ఉచితంగా దొరుకుతాయి. ఇంగ్లిష్ చదవగలిగితే 1611 నాటి కింగ్ జేమ్స్ ఒకటి, రాబర్ట్ ఆల్టర్ ఒక్కడే కూర్చుని చేసిన హీబ్రూ బైబిల్ అనువాదం (2018లో మూడు సంపుటాలుగా వచ్చింది) ఒకటి. ఆల్టర్ ఖరీదెక్కువ, లైబ్రరీలో దొరికితే చాలు.

కేథలిక్కుల బైబిల్‌లో 73 గ్రంథాలు, ప్రొటెస్టెంట్ల దాంట్లో 66. తోబితు, యూదితు కథలు చదవాలనుకుంటే కేథలిక్ ప్రతి తెచ్చుకోవాలి. మన కథ రెండింటిలోనూ ఉంది.

తెలుగు బైబిల్ చరిత్ర మీద ఒక చిన్న మాట. 18వ శతాబ్దంలోనే మద్రాసులో బెంజమిన్ షుల్జ్ అనే జర్మన్ మిషనరీ తెలుగులోకి అనువదించాడు కానీ అది అచ్చుకాలేదు. 1805లో విశాఖపట్నం వచ్చిన జార్జ్ క్రాన్, ఆగస్టస్ డెస్ గ్రాంజెస్ మళ్లీ మొదలుపెట్టారు. వాళ్లకు ఆనందరాయర్ అనే తెలుగు తెలిసిన పండితుడు తోడయ్యాడు. 1810 చివరికల్లా ఇద్దరు మిషనరీలూ చనిపోయారు. వాళ్లు చేసిన మూడు సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. తర్వాత ఎందరో దిద్దారు, తిరగరాశారు. కాబట్టి పాత అనువాదంలో కాస్త పండితుల వాసన వస్తే ఆశ్చర్యం లేదు. మోషే ఇచ్చిన నియమాల గ్రంథం 'తోరా'ను 'ధర్మశాస్త్రము' అనడం చూడండి. మనువునీ యాజ్ఞవల్క్యుణ్ణీ చదివినవాళ్ల నోట్లోంచి వచ్చిన మాట అది.

రెండో అడుగు: అంకెలు తీసేసి, చేత్తో రాసుకోండి

అధ్యాయాల విభజన 13వ శతాబ్దం మొదట్లో స్టీఫెన్ లాంగ్టన్ చేసిందని చెబుతారు. బైబిల్ రెండో భాగమైన కొత్త నిబంధనలో ఇప్పుడున్న వచన సంఖ్యలను రాబర్ట్ ఎస్టియెన్ అనే ముద్రాపకుడు 1551లో వేశాడు. రాసినవాళ్లు ఆ అంకెలు పెట్టలేదు. అవి వెతుక్కోవడానికి బాగుంటాయి గానీ కథను ముక్కలు చేసేస్తాయి.

అందుకని ఒక నోట్‌బుక్కులో ఆ 16 వచనాలను పాత అనువాదం నుంచి, అంకెలు లేకుండా ఎత్తి రాయండి. పాత తెలుగు బైబిల్‌లో కొటేషన్ గుర్తులు ఉండవు. మీరే పెట్టండి. ఎవరి మాట దగ్గర కొత్త పేరా రావాలో మీరే నిర్ణయించండి. అరగంట పని. టైపు చేస్తే ఈ ఫలితం రాదు, నేను చేసి చూశాను.

రాస్తుంటే ఒక సంగతి తెలుస్తుంది. దేవుడు మాట్లాడతాడు, కయీను మాట్లాడతాడు, హవ్వ కూడా ఒక వాక్యం అంటుంది. హేబెలు మాత్రం కథ మొత్తంలో ఒక్క మాట మాట్లాడడు. చచ్చిపోయాక మాత్రం 'నీ తమ్ముని రక్తముయొక్క స్వరము నేలలోనుండి నాకు మొఱ్ఱపెట్టుచున్నది' అని వస్తుంది. నాలుగైదుసార్లు చదివినా నాకు తట్టనిది పెన్ను పట్టుకున్నాక తట్టింది.

తెలియని మాటల కింద గీత పెట్టండి. 'తొలుచూలు' లాంటివి వస్తాయి. ఆంధ్రభారతి నిఘంటువు సైట్‌లో వెతికితే బ్రౌను నిఘంటువుతో సహా చాలా కోశాలు ఒకేచోట చూపిస్తుంది.

మూడో అడుగు: మళ్లీ మళ్లీ వచ్చే మాటను పట్టుకోండి

హీబ్రూ కథకులు వర్ణనల జోలికి పోరు. కయీను పొడుగో పొట్టో చెప్పరు, వాతావరణం చెప్పరు, మనసులో ఏమనుకున్నాడో దాదాపు చెప్పరు. వాళ్ల పనిముట్టు మాటను తిప్పి తిప్పి వాడటం. ఈ 16 వచనాల్లో 'సోదరుడు' అనే హీబ్రూ మాట 7 సార్లు వస్తుంది. కథకుడు ఒక్క 'హేబెలు' అని ఊరుకోవచ్చు. ఊరుకోడు. 'తన తమ్ముడైన హేబెలు', 'తన తమ్ముడైన హేబెలు' అని మేకు దిగేదాకా కొడతాడు.

ఇక్కడ తెలుగువాళ్లకు ఒక వరం ఉంది. హీబ్రూలో ఉన్నది ఉత్త 'సోదరుడు'. ఇంగ్లిష్‌లోనూ అంతే. తెలుగులో 'సోదరుడు' అన్న మాట ఉన్నా, మామూలుగా చెప్పాలంటే అన్నో తమ్ముడో తేల్చక తప్పదు. అందుకని కయీను ప్రశ్న మన చెవికి ఇలా వినబడుతుంది: 'నా తమ్మునికి నేను కావలివాడనా?' ఇంటికి పెద్దకొడుకు ఈ మాట అన్నాడంటే మనకు ఒళ్లు మండుతుంది. అన్న కాకపోతే ఇంకెవరు కావలి ఉంటారు? ఇంగ్లిష్ పాఠకుడికి ఆ మంట అంత సూటిగా తగలదు. ఆదికాండం అంతా పెద్దవాణ్ణి పక్కనపెట్టి చిన్నవాణ్ణి ఎత్తుకునే కథలే: ఇష్మాయేలు ఉండగా ఇస్సాకు, ఏశావు ఉండగా యాకోబు, పది మంది అన్నలుండగా యోసేపు. అన్నాతమ్ముడూ అన్న తేడా భాషలోనే ఉన్నవాళ్లం కాబట్టి ఆ దారం మనకు తొందరగా దొరుకుతుంది.

ఇప్పుడు ఒక అధ్యాయం వెనక్కి వెళ్లండి. 3వ అధ్యాయంలో దేవుడు ఆదామును 'నీవు ఎక్కడ' అని అడుగుతాడు. 4లో కయీనును 'నీ తమ్ముడు ఎక్కడ' అంటాడు. 3వ అధ్యాయంలో హవ్వతో చెప్పిన మాటలో భర్త పట్ల 'వాంఛ కలుగును', అతడు నిన్ను 'ఏలును' అని ఉంటుంది. 4లో పాపం గురించి కయీనుతో: 'నీ యెడల దానికి వాంఛ కలుగును నీవు దానిని ఏలుదువు'. హీబ్రూలో రెండుచోట్లా అవే రెండు మాటలు. పాత తెలుగు అనువాదకులు ఆ జంటను చెక్కు చెదరకుండా తెచ్చారు. తేలిక భాష కోసం ఒకచోట ఒక మాట, ఇంకోచోట ఇంకో మాట వాడితే ఈ ప్రతిధ్వని పోతుంది. పాతది దగ్గర పెట్టుకోమన్నది ఇందుకే.

నాలుగో అడుగు: అనువాదాలను ఎదురెదురుగా కూర్చోబెట్టండి

నోట్‌బుక్కులో ఎడమ పేజీలో పాతది ఉంది కదా. కుడి పేజీలో కొత్త అనువాదం ఎక్కడ తేడాగా ఉందో అదొక్కటే రాసుకోండి. ఎవరు కరెక్టు అన్న పంచాయితీ ఇప్పుడే పెట్టొద్దు. తేడా వచ్చిందంటే మూలంలో ఏదో ముడి ఉన్నట్టు. నేను నాలుగు ముడులు చూపిస్తాను.

మొదటిది పేరు. తెలుగులో 'హేబెలు', ఇంగ్లిష్‌లో 'ఏబెల్'. హీబ్రూ పలుకుబడి 'హెవెల్', అంటే ఊపిరి, ఆవిరి. ప్రసంగి గ్రంథం మొదట్లో వచ్చే 'వ్యర్థము వ్యర్థము సమస్తము వ్యర్థమే' గుర్తుందా? ఆ 'వ్యర్థము' మూలంలో ఇదే హెవెల్. చలికాలం పొద్దున నోట్లోంచి వచ్చి కరిగిపోయే పొగ అన్నమాట. కథలో ఆ పిల్లవాడు కూడా అంతే, వచ్చాడు, పోయాడు. తెలుగు బైబిల్ ఆ 'హ'ను పోగొట్టలేదు.

రెండోది మొదటి వాక్యంలోనే ఉంది. ఆదాము తన భార్యను 'కూడినప్పుడు' అంటుంది తెలుగు. హీబ్రూలో ఉన్న క్రియ 'ఎరుగు'. ఎనిమిది వచనాలు దాటాక తమ్ముడెక్కడ అని అడిగితే కయీను 'నే నెరుగను' అంటాడు. అదే క్రియ. ఎరగడంతో పుట్టినవాడు ఎరగనని అబద్ధమాడుతున్నాడు. తెలుగులో ఈ ముడి విడిపోయింది. చిత్రమేమిటంటే లూకా సువార్తలో మరియ దూతతో 'నేను పురుషుని ఎరుగనిదాననే' అంటుంది. అంటే ఆ అర్థంలో 'ఎరుగు' వాడటం తెలుగు బైబిల్‌కు చేతనవును, ఇక్కడ మాత్రం వాడలేదు.

మూడోది ఒక ఖాళీ. పాత తెలుగులో 'కయీను తన తమ్ముడైన హేబెలుతో మాటలాడెను. వారు పొలములో ఉన్నప్పుడు' అని వస్తుంది. ఏం మాట్లాడాడు? హీబ్రూ ప్రతిలో 'కయీను తన తమ్ముడైన హేబెలుతో అన్నాడు' అని ఉండి, ఆ అన్న మాట ఉండదు. నేరుగా పొలం, హత్య. క్రీస్తుకు పూర్వం 3వ శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో మొదలైన గ్రీకు అనువాదం, సెప్టువాజింట్, ఈ ఖాళీలో 'మనం పొలానికి వెళ్దాం' అన్న మాట పెట్టింది. కొత్త తెలుగు అనువాదాల్లో కొన్ని దాన్నే తీసుకున్నాయి. పాత తెలుగు మాత్రం 'అన్నాడు'ను 'మాటలాడెను' చేసి లౌక్యంగా దాటేసింది. మీ నోట్‌బుక్కులో ఇక్కడ రెండు గీతలు ఖాళీగా వదలండి. వ్యాఖ్యానాలు, నవలలు అన్నీ ఈ రెండు గీతల్లోకే వస్తాయి.

నాలుగోది 'ఏలుదువు'. ఇది జోస్యమా, మాటివ్వడమా, ఆజ్ఞా? తెలుగులో ఆ రూపం ఎటైనా వాలుతుంది. కింగ్ జేమ్స్‌లో 'ఏలుతావు' అనే అర్థం వస్తే, కొత్త అనువాదాలు 'అదుపులో పెట్టుకోవాలి' వైపు మొగ్గాయి. ఒక పెద్ద నవల ఈ క్రియ మీద నిలబడింది, దాని దగ్గరకు వస్తాం.

హీబ్రూ రాకపోయినా ఇవన్నీ చూసుకోవచ్చు. బైబిల్ హబ్ సైట్‌లో మూలపదం, దాని కింద ఇంగ్లిష్ అర్థం పక్కపక్కన చూపిస్తారు. అయితే ఒక్క జాగ్రత్త. నిఘంటువులో కనిపించిన పది అర్థాలూ ఒకే వాక్యంలో పట్టించకండి. 'కాలు' అంటే పాదమూ అవుతుంది, మండటమూ అవుతుంది. రెండూ ఒకేసారి కావు.

అనువాదం తేడా రాయిని కూడా మార్చేస్తుంది. కొండ దిగిన మోషే ముఖం ప్రకాశించింది అనే చోట హీబ్రూ క్రియకు 'కొమ్ము' అన్న మాటతో చుట్టరికం ఉంది. జెరోమ్ తన లాటిన్ అనువాదంలో కొమ్ములనే పెట్టాడు. రోమ్‌లో మైకెలాంజెలో చెక్కిన మోషేకు తలమీద రెండు కొమ్ములున్నది అందుకే.

ఐదో అడుగు: ఆయన, అతడు, వాడు

ఇది తెలుగు పాఠకులకే ప్రత్యేకమైన అభ్యాసం. హీబ్రూలో దేవుడికీ మనిషికీ దొంగకీ ఒకే 'అతడు'. తెలుగు అనువాదకుడు ప్రతిసారీ మర్యాద ఎంతో తేల్చాలి. తేల్చిన ప్రతిసారీ ఒక వ్యాఖ్యానం చేసినట్టే.

ఆదికాండం 32 తీయండి. రాత్రి, ఏటి ఒడ్డు, యాకోబు ఒంటరిగా ఉన్నాడు. 'ఒక నరుడు' తెల్లవారేదాకా అతనితో పెనుగులాడతాడు. మూలంలో ఎవరు ఎవర్ని కొట్టారో, ఎవరు ఏమన్నారో కాసేపు తెలియదు, అన్నీ 'అతడు' 'అతడు'. ఆ చీకటి అక్షరాల్లో కూడా ఉంటుంది. పాత తెలుగులో రెండు వాక్యాలు దాటగానే 'ఆయన తెల్లవారుచున్నది గనుక నన్ను పోనిమ్మనగా అతడు...' అని వస్తుంది. ఒక్క 'ఆయన'తో గుట్టు రట్టయింది. తాను పట్టుకున్నది ఎవర్నో యాకోబుకు ఇంకా తెలియదు, మనకు మాత్రం తెలిసిపోయింది. ఈ భాగాన్ని సర్వనామాలన్నీ 'అతడు'గా మార్చి ఒకసారి గట్టిగా చదివి చూడండి.

మర్యాద మారడం మూలంలోని అందాన్ని పెంచే చోట్లూ ఉన్నాయి. 23వ కీర్తన 'యెహోవా నా కాపరి' అని మొదలై 'ఆయన నన్ను పరుండజేయుచున్నాడు', 'ఆయన సేదదీర్చుచున్నాడు' అంటూ సాగుతుంది. గాఢాంధకారపు లోయ రాగానే 'నీవు నాకు తోడై యుందువు'. ఆయన కాస్తా నీవు అయ్యాడు. పచ్చిక బయళ్లలో దేవుడి గురించి మాట్లాడినవాడు చీకట్లో దేవుడితోనే మాట్లాడుతున్నాడు. ఈ మలుపు హీబ్రూలోనూ ఉంది. కానీ 'ఆయన' నుంచి 'నీవు'కు జారడంలో ఉన్న చనువు తెలుగులో ఇంకా దగ్గరగా తగులుతుంది.

ఆరో అడుగు: ఇప్పుడు వ్యాఖ్యానాలు తెరవండి, ముందు కాదు

మొదట్లో నేను చేసిన పెద్ద తప్పు ఇదే. ఒక లావుపాటి ఇంగ్లిష్ వ్యాఖ్యానం కొని, దాని ముందుమాటతోనే మొదలుపెట్టాను. నా ప్రశ్న ఒక్కటీ లేకుండానే జవాబులన్నీ వచ్చి పడ్డాయి, ఏదీ తలలో నిలవలేదు. మీ నోట్‌బుక్కులో కనీసం ఐదు ప్రశ్నలు పోగయ్యేదాకా వ్యాఖ్యానం ముట్టుకోవద్దు. మొదటి ప్రశ్న అందరికీ వచ్చేదే: కయీను అర్పణను దేవుడు ఎందుకు లక్ష్యపెట్టలేదు? కథలో కారణం లేదు.

కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యానాలు రాసిన మన మల్లినాథసూరి వాటి మొదట్లో ఒక ప్రతిజ్ఞ చేస్తాడు: మూలం లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను. వ్యాఖ్యానం అంటే మనకు అదీ లెక్క. యూదుల పాత వ్యాఖ్యాన సంప్రదాయం మిద్రాష్ సరిగ్గా దీనికి తిరగబడ్డ వ్యవహారం. మూలంలో లేనిదే అక్కడ ఎక్కువ. ఆదికాండం మీద 5వ శతాబ్దం ప్రాంతంలో కూర్చిన మిద్రాష్ 'బెరేషిత్ రబ్బా' ఆ రెండు ఖాళీ గీతల్ని ఎలా నింపిందో చూడండి. అన్నదమ్ములిద్దరూ ప్రపంచాన్ని పంచుకున్నారు. భూమి ఒకడిది, కదిలే ఆస్తి అంతా ఇంకొకడిది. 'నువ్వు నిల్చున్న నేల నాది, గాల్లోకి ఎగురు' అన్నాడు ఒకడు. 'నువ్వు కట్టుకున్న బట్ట నాది, విప్పు' అన్నాడు రెండోవాడు. అలా పెరిగి పెరిగి పొలంలో ప్రాణం పోయింది. అదే పేజీలో ఇంకొకరు 'కాదు, దేవాలయం ఎవరి నేలలో కట్టాలన్న గొడవ' అంటారు, మరొకరు 'ఒక స్త్రీ కోసం' అంటారు. భూమి, మతం, ఆడది. ఏ మండల కేంద్రంలో కోర్టు వరండాలో కూర్చున్నా వినబడే మూడు కేసులే.

11వ శతాబ్దంలో ఫ్రాన్సులోని ట్రువా (Troyes) ఊళ్లో ఉన్న యూదు వ్యాఖ్యాత రాషి మాత్రం మల్లినాథుడి బాపతు. ఇదే వాక్యం దగ్గర, చంపడానికి సాకు దొరకాలని కయీను మాటల్తో జగడం పెట్టుకున్నాడు అంటాడు. దీని మీద కథలు చాలా ఉన్నాయి గానీ వాక్యానికి సూటి అర్థం ఇదీ అని ఊరుకుంటాడు. అర్పణ సంగతి దగ్గర కూడా వాక్యాన్నే చూస్తాడు. హేబెలు 'తొలుచూలున పుట్టినవాటిలో క్రొవ్వినవాటిని' తెచ్చాడు, కయీను 'పంటలో కొంత' తెచ్చాడు. ఆ 'కొంత'లో నాసిరకం కనిపించింది రాషికి. రాషి, మిద్రాష్ రెండూ సెఫారియా సైట్‌లో ఇంగ్లిష్‌లో ఉచితం.

క్రైస్తవ వ్యాఖ్యానాల్లో అగస్టీన్ 'దేవుని పట్టణం' 15వ భాగం చూడండి. కయీను ఆ తర్వాత ఒక ఊరు కడతాడు (17వ వచనం). మొదటి ఊరు కట్టినవాడు తమ్ముణ్ణి చంపినవాడు, రోమ్ నగరం కట్టిన రోములసూ తన తోబుట్టువు రీమసును చంపినవాడే అని అగస్టీన్ రెండు కథల్నీ పక్కపక్కన పెడతాడు. ఆధునిక పండితులు ఇంకా వెనక్కి వెళ్లి, ఇప్పటి ఇరాక్‌లో ఉన్న ప్రాచీన సుమేరులో పశువుల కాపరి డుముజి, రైతు ఎంకిమ్దు పోటీపడ్డ కథను చూపిస్తారు. అందులో ఇద్దరూ చివరికి రాజీపడతారు. ఆ పోలిక దగ్గర ఎక్కువసేపు ఉండనక్కర్లేదు, ఒకసారి చూస్తే చాలు.

ఖురాన్ 5వ సూరాలోనూ ఈ కథ ఉంది, పేర్లు లేకుండా. తమ్ముడి శవాన్ని ఏం చేయాలో తోచని అన్నకు ఒక కాకి నేలను గీకి పూడ్చడం చూపిస్తుంది. ఆ వెంటనే, ఒక ప్రాణం తీసినవాడు మానవజాతి అంతటినీ చంపినట్టే అన్న మాట వస్తుంది. యూదుల పాత ధర్మ సంకలనం మిష్నాలో కూడా ఇదే కథ దగ్గర దాదాపు ఇదే మాట ఉంది. మూలంలో 'రక్తము' బహువచనంలో, 'రక్తాలు' అని ఉండటం వాళ్లకు ఆధారం: అతని రక్తం, అతనికి పుట్టాల్సిన వాళ్లందరి రక్తం. మన కథకు ఇంతమంది కాపుదారులున్నారని తెలిసేసరికి నాకు రెండు వారాలు పట్టింది.

ఏడో అడుగు: నవల

నవలను వ్యాఖ్యానంలాగే చదవండి. ఒక్క ప్రశ్న పెట్టుకుంటే చాలు: ఇది ఏ ఖాళీని నింపుతోంది?

మొదట జాన్ స్టైన్‌బెక్ 'ఈస్ట్ ఆఫ్ ఈడెన్' (1952). పేరే మన 16వ వచనం నుంచి తీసుకున్నది: కయీను 'ఏదెనుకు తూర్పుదిక్కున నోదు దేశములో కాపురముండెను'. 'నోదు' అంటే హీబ్రూలో తిరుగాట. 'దేశదిమ్మరివై యుందువు' అని శాపం పడ్డవాడు వెళ్లి తిరుగాట దేశంలో కాపురం పెట్టాడు. ఆ చమత్కారం తెలుగులో కనబడదు గానీ 'దేశదిమ్మరి' అన్న మాటకు నేను పడిపోయాను.

నవలలో కాలిఫోర్నియా లోయలో రెండు తరాల అన్నదమ్ములు, పేర్ల మొదటి అక్షరాలు కూడా ఇంగ్లిష్ కెయిన్, ఏబెల్ లాగే సి, ఏ. 22వ అధ్యాయంలో ముగ్గురు మగాళ్లు కూర్చుని, కవల పిల్లలకు పేర్లు వెతుకుతూ ఈ 16 వచనాలనే పైకి చదువుతారు. అంటే మీరు నోట్‌బుక్కుతో చేసిన పనే నవల లోపల జరుగుతుంది. 24వ అధ్యాయంలో లీ అనే చైనీస్ సేవకుడు చెప్పే సంగతి ఇంకా బాగుంటుంది. రెండు ఇంగ్లిష్ అనువాదాల్లో ఒకటి 'ఏలుతావు' అనీ, ఒకటి 'ఏలు' అనీ అంటుంటే ముసలి చైనా పండితులు పంతంపట్టి రెండేళ్లు హీబ్రూ నేర్చుకుంటారు. చివరికి 'ఏలగలవు, నీ ఇష్టం' అని తేలుస్తారు. స్టైన్‌బెక్ ఆ హీబ్రూ మాటను 'తిమ్‌షెల్' అని రాశాడు. అసలు పలుకు 'తిమ్‌షోల్'. వ్యాకరణం కూడా ఆయన చెప్పినంత సూటిగా లేదు, ఆ క్రియారూపం మన 'ఏలుదువు' లాగే మూడు వైపులా వాలుతుంది. అయినా తప్పు పలుకు మీద ఇంత మంచి నవల నిలబడటం నాకు నచ్చింది.

రెండోది జోసే సరమాగో 'కెయిన్' (2009). చిన్నది, వెటకారం నిండినది. స్టైన్‌బెక్ తండ్రీకొడుకుల ఇంట్లో కారణం వెతికితే, సరమాగో నేరుగా దేవుణ్ణి బోనులో నిలబెడతాడు. అతని కయీను కాలాల్లో తిరుగుతూ బాబెలు, సొదొమ, యోబు కథల్లోకి వెళ్తాడు. అబ్రాహాము కొడుకును బలివ్వడానికి కత్తి ఎత్తినప్పుడు చెయ్యి పట్టుకునేది కయీనే, దేవదూత ఆలస్యంగా వస్తాడు. భక్తి ఉన్నవాళ్లకు మనసు నొచ్చుకోవచ్చు, ముందే చెబుతున్నా. మూడోది మిగెల్ దె ఉనమునో 'ఆబెల్ సాంచెజ్' (1917). అసూయ లోపలి నుంచి ఎలా ఉంటుందో కయీను వైపు కూర్చుని రాశాడు. ఒక్క నవలకే టైమ్ ఉంటే స్టైన్‌బెక్, మూడు రోజులే ఉంటే ఉనమునో.

తెలుగులో కయీను నవల నా చేతికి దొరకలేదు. బైబిల్ కథ తెలుగు పద్యంలోకి వస్తే ఎలా ఉంటుందో చూడాలంటే జాషువాగారి 'క్రీస్తు చరిత్ర' ఉంది, 1964లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. సువార్తల్లో ఒక సంఘటన చదివి, వెంటనే అదే ఘట్టాన్ని జాషువాలో చదవండి. హీబ్రూ, గ్రీకు కథకులు వదిలేసిన వర్ణన అంతా మన పద్యం ఎక్కడ పెట్టుకుంటుందో తెలుస్తుంది.

నెల అయ్యాక

రోజుకు అరగంట లెక్కన నాకు పట్టిన టైమ్ ఇది: రాసుకోవడం, గీతలు పెట్టడం ఒక వారం, అనువాదాలు ఒక వారం, వ్యాఖ్యానాలు పది రోజులు, నవల ఆ తర్వాత ఎన్నాళ్లు పడితే అన్నాళ్లు. ఇద్దరు కలిసి చేస్తే ఇంకా బాగుంటుంది. ఒకరు చర్చికి వెళ్లేవాళ్లు, ఒకరు వెళ్లనివాళ్లు అయితే మరీ మంచిది.

రెండో కథగా ఆదికాండం 22, అబ్రాహాము ఇస్సాకును బలికి తీసుకెళ్లేది తీసుకోండి. 1946లో వచ్చిన 'మిమెసిస్'లో జర్మన్ సాహిత్య విమర్శకుడు ఎరిక్ అవర్‌బాక్ మొదటి అధ్యాయం దీనిమీదే, హోమర్‌తో పోల్చి రాసింది. ఇక్కడ వెతకాల్సింది ఒకటి ముందే చెప్పేస్తాను. దేవుడు పిలిచినప్పుడు, కొడుకు పిలిచినప్పుడు, దూత పిలిచినప్పుడు మూడుసార్లూ అబ్రాహాము హీబ్రూలో ఒకే మాట అంటాడు: 'హిన్నేని', ఇదిగో నేను. పాత తెలుగులో దేవుడికి 'చిత్తము ప్రభువా', కొడుక్కి 'ఏమి నా కుమారుడా'. ఈ రెండింటినీ ఎదురెదురుగా రాసి, ఒకే మాటను రెండు చేసినందువల్ల పోయిందేమిటో, వచ్చిందేమిటో కుడి పేజీలో రాయడం మొదలుపెట్టండి. తర్వాత 21వ అధ్యాయంలో ఇష్మాయేలు తల్లి హాగరును పంపేసిన ఉదయం చదవండి. అక్కడా అబ్రాహాము తెల్లవారినప్పుడే లేస్తాడు.